గతుకుల బాటకు ఏ స్ట్రాలర్?

ప్రశ్న: మా పాపకు పది నెలలు. మేం నడిచేది మట్టిబాట, కంకర మీద. మామూలు స్ట్రాలర్ చక్రాలు ఇరుక్కుపోతున్నాయి. ఎలాంటిది కొనాలి?

జవాబు: చక్రం చిన్నదైతే ఆ తిప్పలు తప్పవండీ. వెనక చక్రాలు కనీసం 12 అంగుళాలు, కుదిరితే 16 ఉన్న మూడు చక్రాల బండి చూడండి. గాలి టైర్లయితే కుదుపు బాగా తగ్గుతుంది. పంక్చర్ల బెడద ఉంటుంది కాబట్టి చిన్న పంపు దగ్గరుంచుకోండి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. ముందు చక్రానికి లాక్ తప్పనిసరి. లేదంటే కంకరలో అది అడ్డం తిరిగి బండి ఠక్కున ఆగుతుంది. అయిదు పట్టీల బెల్టు సరే, హ్యాండిల్‌కు మణికట్టు పట్టీ కూడా ఉండాలి. వాలులో చెయ్యి జారితే అదే దిక్కు. కొనేముందు మడిచి, ఎత్తి చూడండి. ఇలాంటివి చాలావరకు పది కిలోల పైమాటే, కొన్ని కారు డిక్కీలో పట్టవు.