ఈటె చేతికొచ్చాక ఎవరూ ఇనుము జోలికి పోవట్లేదా? నా మాడ్‌లో నేను చేసిన తప్పులు, తర్వాత పెట్టిన లెక్కలు

మీ మైన్‌క్రాఫ్ట్ మాడ్‌లో (ఆటకి మనం రాసి చేర్చుకునే మార్పుల్లో) రాతి ఈటె డ్యామేజ్, అంటే ఒక్క దెబ్బకి తగ్గించే ప్రాణం, 8. రెసిపీకి, అంటే దాన్ని తయారు చేయడానికి, ఒక చెకుముకి రాయి, రెండు పుల్లలు, ఒక దారం. అది చేసుకున్నాక ఎవరూ గనిలోకి దిగట్లేదు, రెసిపీ కష్టం చేస్తేనేమో బోర్ అని ఆట మానేస్తున్నారు, ఏం చేయాలి అని అడిగారు. నేనూ అచ్చం ఇదే గోతిలో పడ్డాను. ఆరుగురు స్నేహితులం ఆడుకోవడానికి ఆట 1.20.1 వెర్షన్‌కి, ఫోర్జ్ (మాడ్‌లు నడిపే సాధనం) మీద రాతియుగం మాడ్ ఒకటి రాసుకున్నాం. నా మొదటి ఈటె డ్యామేజ్ కూడా 8 అవడం చూసి నవ్వొచ్చింది.

ముందు డ్యామేజ్ అంకె చూడటం మానేయండి. ఎన్ని దెబ్బలకి చస్తుందో లెక్కపెట్టండి. మామూలు జాంబీకి ప్రాణం 20. రాతి కత్తి డ్యామేజ్ 5 కాబట్టి నాలుగు దెబ్బలు చాలనిపిస్తుంది, కానీ చాలవు. జాంబీకి పుట్టుకతోనే 2 పాయింట్ల ఆర్మర్ (కవచం) ఉంటుంది. దానివల్ల దెబ్బకి 1.6 శాతం తగ్గి 5 కాస్తా 4.92 అవుతుంది. నాలుగు దెబ్బలకి 19.68. ఆ మిగిలిన చిటికెడు ప్రాణం కోసం ఐదో దెబ్బ వేయాలి. ఇదే లెక్కన చెక్క కత్తికి (4) ఆరు దెబ్బలు, ఇనుప కత్తికి (6) నాలుగు, వజ్రపు కత్తికి (7) మూడు, అన్నిటికంటే బలమైన నెదరైట్ కత్తికీ (8) మూడే. అంటే జాంబీ విషయంలో మీ రాతి ఈటె నెదరైట్ కత్తితో సమానం! ఇక ఇనుము కోసం ఎవరు తవ్వుతారు చెప్పండి?

దీన్నుంచి ఇంకో సంగతి బయటపడుతుంది. డ్యామేజ్‌ని 5 నుంచి 5.2కి పెంచితే ఐదు దెబ్బలు నాలుగవుతాయి, ఆట మొత్తం మారిపోతుంది. అదే 5.2 నుంచి 6.5కి పెంచితే జాంబీకి ఏ తేడా ఉండదు, అదే నాలుగు దెబ్బలు. నేను మూడు వారాల పాటు 8ని 7.5 చేసి, 7 చేసి, ఒక్కోసారి కొత్త వెర్షన్ విడుదల చేశాను. ఎవరికీ తేడా తెలియలేదు, తెలియదు కూడా, ఎందుకంటే మూడింటికీ మూడే దెబ్బలు. ఆ లెక్క కాగితం మీద పెట్టి చూసుకున్న రోజు నా మీద నాకే జాలేసింది.

రెండో పొరపాటు కోడ్‌లో ఉంది, మీరూ ఒకసారి చూసుకోండి. ఈటెకి కత్తి క్లాస్‌నే (ఆటలో కత్తి కోసం ఉన్న కోడ్‌నే) వాడుకున్నాను. పని తేలిక కదా అని. దాంతో కత్తికి ఉండే స్వీప్ దెబ్బ ఈటెకీ ఊరికే వచ్చేసింది. పొడిచేది ఒకణ్ని, పడేది ముగ్గురు. పైగా రీచ్‌ని, అంటే దెబ్బ అందే దూరాన్ని, మామూలు 3 బ్లాకుల నుంచి 4.5కి పెంచాను, వేగం కత్తిదే, సెకనుకి 1.6 దెబ్బలు. పొడిచిన ప్రతిసారీ జాంబీ వెనక్కి తూలుతుంది, మళ్లీ దగ్గరికి వచ్చేలోపు ఇంకో పోటు. ఒంటి మీద గీత పడకుండా రాత్రంతా గడిపేసేవాళ్లు.

చివరికి కుదిరిన అంకెలు ఇవి: డ్యామేజ్ 5.5, వేగం 1.1, రీచ్ 3.75, స్వీప్ లేదు. జాంబీకి ఇనుప కత్తితో సమానంగా నాలుగు దెబ్బలే. కానీ మొదటి దెబ్బ నుంచి నాలుగో దెబ్బకి ఇనుప కత్తికి 1.9 సెకన్లు పడితే దీనికి 2.7 పడుతుంది. ఒక్కడు ఎదురొస్తే ఈటె హాయి. ముగ్గురు చుట్టుముడితే కత్తి ఉంటే బాగుండు అనిపిస్తుంది. నాకు కావలసింది అదే. రాతి ఆయుధం పనికిమాలినది కాకూడదు, దానికి రాని పని ఒకటి ఉండాలి. అప్పుడు ఇనుము కోసం మనం తోసే పని లేదు, ఆటగాళ్లే వెతుక్కుంటారు.

ఇక రెసిపీ. ఈటె మరీ బలంగా ఉందని అందరూ అంటే నేను చేసిన మొదటి పని బలం తగ్గించడం కాదు, ఖర్చు పెంచడం. అక్కడే చెడింది. గడ్డి కోస్తే నార వచ్చేలా పెట్టాను. ఆటలో గడ్డికి విత్తనం రాలే అవకాశం 12.5 శాతం కదా, అదే అంకె నారకీ ఇచ్చాను. తాడుకి 9 నారలు, ఈటెకి 2 తాళ్లు. రాసేటప్పుడు 9, 2 అనేవి చిన్న అంకెల్లాగే కనిపించాయి. గుణించి చూస్తే సగటున 144 గడ్డి దుబ్బులు పీకాలి! ఒక స్నేహితుడు అరగంట పీకి, "ఇది ఆటా, కలుపు తీతా? కూలి ఎంతిస్తావ్?" అని మెసేజ్ పెట్టి లాగవుట్ అయిపోయాడు.

ఆ తర్వాత వస్తువుల లెక్క వదిలేసి నిమిషాల లెక్క పట్టుకున్నాను. ఆటలో ఒక రోజంటే 20 నిమిషాలు, అందులో పగటి వెలుతురు దాదాపు 10 నిమిషాలు. ఆ పదిలోనే ఆయుధం, తిండి, తల దాచుకునే చోటు అన్నీ కావాలి. కాబట్టి మొదటి ఆయుధానికి మూడు నిమిషాలకి మించి ఇవ్వకూడదని గీత గీసుకున్నాను. కొత్త ప్రపంచం తెరిచి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ఒట్టి చేతులతో మొదలుపెట్టి ఐదుసార్లు చేసి చూశాను. దయచేసి ఇది క్రియేటివ్ మోడ్‌లో (అన్ని వస్తువులూ ఊరికే దొరికే పద్ధతిలో) చేయకండి, అక్కడ ఏ రెసిపీ అయినా బాగానే ఉన్నట్టుంటుంది. ఇప్పుడు తాడుకి 3 నారలు, ఈటెకి ఒక్క తాడు. చెకుముకి పెచ్చుతో కోస్తే నార వచ్చే అవకాశం 50 శాతం, అంటే ఆరు దుబ్బులకి పని అయిపోతుంది.

అదృష్టం సంగతి కూడా చూడాలి. కంకర తవ్వితే చెకుముకి వచ్చే అవకాశం 10 శాతం. సగటున పది బ్లాకులకి ఒకటి అనుకుని ఊరుకుంటాం. కానీ 20 బ్లాకులు తవ్వినా ఒక్కటీ రాకపోయే అవకాశం 12 శాతం ఉంది. ఎనిమిది మందిలో ఒకడు చీకటి పడేదాకా కంకర తవ్వుతూనే ఉంటాడన్నమాట. అసలు ఆటలో చెకుముకి బాణాలకి, నిప్పుకి తప్ప పెద్దగా అక్కర లేదు కాబట్టి అది చెల్లుతుంది. మొదటి ఆయుధమే దాని మీద ఆధారపడితే చెల్లదు. మూడు కంకరలకి ఒక చెకుముకి తప్పకుండా వచ్చే రెసిపీ ఒకటి పెట్టాను, అదీ చేతి 2×2 గడుల్లో అయ్యేలా. మా మాడ్‌లో ఒట్టి చేతులతో చెట్టు కొట్టలేరు, చెక్క లేనిదే క్రాఫ్టింగ్ టేబుల్ (పెద్ద రెసిపీలు చేసే బల్ల) రాదు, కాబట్టి మొదటి పనిముట్టు అది లేకుండానే రావాలి.

మంచి చేయబోయి ఇంకో తప్పు కూడా చేశాను. ఒక చెకుముకి పగలగొడితే 4 పెచ్చులు వస్తాయి. సంచిలో చోటు మిగులుతుందని, 3 పెచ్చులు కలిపితే మళ్లీ ఒక చెకుముకి అయ్యేలా పెట్టాను. మా బాబాయి కొడుకు ఒక్క రాత్రిలో రెండు పెట్టెల నిండా చెకుముకి నింపి, "అన్నా, నీ మాడ్‌లో రాళ్లు పిల్లలు పెడుతున్నాయి" అన్నాడు. వెనక్కి తిప్పే రెసిపీ ఏది పెట్టినా గుండ్రంగా ఒక చుట్టు తిరిగి చూడండి, ఎక్కడా లాభం మిగలకూడదు.

మన్నిక గురించి ఒక్క మాట. నాది 40 దెబ్బలు, అంటే పది జాంబీలు. పోరాటం మధ్యలో ఈటె మాయమైతే మనుషులకి ఒళ్లు మండుతుంది. అందుకని మొన రాలిపోయినా కర్ర చేతిలోనే మిగిలేలా చేశాను. పెచ్చు, తాడు పెట్టి మళ్లీ బిగించుకోవచ్చు. ఈ ఒక్క మార్పుతో ఫిర్యాదులు సగం ఆగిపోయాయి.

మీరు ఇంకే ఆయుధాలు పెట్టాలని కూడా అడిగారు కదా, వడిసెల పెట్టండి. నేను మొదట క్లిక్‌కి ఒక రాయి చొప్పున వదిలాను, డ్యామేజ్ 3. అది ఘోరంగా బెడిసికొట్టింది. క్రీపర్‌కి (దగ్గరికొచ్చి పేలిపోయే శత్రువు, దీని ప్రాణమూ 20) ఏడు రాళ్లు చాలు, దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను ఆగితే సరిపోతుంది కాబట్టి దూరం నుంచే మూడు సెకన్లలో కథ ముగిసేది. జొన్నచేలో మంచె మీద మా తాత వడిసెల తిప్పడం చిన్నప్పుడు చూశాను. రాయి పెట్టి, తల మీద రెండు మూడు చుట్లు తిప్పి, అప్పుడు ఒక కొస వదిలేవాడు. వెంటనే ఇంకో రాయి వేయడం కుదరదు. అదే ఆటలోకి తెచ్చి, రాయికీ రాయికీ మధ్య 30 టిక్‌లు, అంటే సెకనున్నర విరామం పెట్టాను. క్రీపర్ పేలడానికి పట్టేదీ సరిగ్గా అంతే. ఇప్పుడది కోళ్ల వేటకి, అస్థిపంజరాలని కాస్త సతాయించడానికి మాత్రమే పనికొస్తోంది.

మీ మాడ్‌లో ముందు డ్యామేజ్‌ని 8 నుంచి 5.5కి దించి, స్వీప్ తీసేయండి. రెసిపీని ఒక వారం ముట్టుకోకండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. వారం తర్వాత ఆటగాళ్ల హాట్‌బార్‌లు (తెర కింద చేతికందే వస్తువుల వరసలు) చూడండి. ఈటె పక్కన ఇనుప కత్తి కూడా కనిపిస్తే రెసిపీ జోలికి వెళ్లే పనే ఉండకపోవచ్చు.