పైలట్ కావాలనుకున్నాను, ఆడిటర్‌నయ్యాను

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. చిన్నప్పుడు పైలట్‌నవుతానని అందరితో చెప్పేదాన్ని. పదకొండో ఏట కళ్లజోడు వచ్చింది. ‘అద్దాలుంటే తీసుకోరు’ అన్నారు, వదిలేశాను. ఇప్పుడు ఆడిటర్‌ని. ‘నువ్వేం కావాలనుకున్నావమ్మా?’ అని పదిహేనేళ్ల మా అమ్మాయి అడిగినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇప్పుడైనా ప్రయత్నించవచ్చా? లేక తననైనా అటు పంపనా?

జవాబు: ముందు కళ్లజోడు సంగతి తేల్చేద్దాం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం కమర్షియల్ పైలట్‌కు క్లాస్ 1 మెడికల్ (ఆరోగ్య పరీక్షల్లో నెగ్గితే ఇచ్చే ధ్రువపత్రం) ఉండాలి. అందులో దూరపు చూపు ఒక్కో కంటికి 6/9, రెండూ కలిపి 6/6 రావాలి. అద్దాలతో వచ్చినా చెల్లుతుంది. మీకా మాట చెప్పినవాళ్లు బహుశా వైమానిక దళం నిబంధనలు విని ఉంటారు.

పిల్లలు ఉద్యోగాన్ని ఎంచుకోవడానికి చాలా ముందే కొన్నింటిని కొట్టేస్తారని అమెరికన్ మనస్తత్వవేత్త లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ప్రతిపాదించారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ‘ఇది ఆడవాళ్ల పని, అది మగవాళ్ల పని’ అని, తొమ్మిది నుంచి పదమూడు మధ్య హోదాను, తమవల్ల అవుతుందా అన్నదాన్ని బట్టి. తమకేం ఇష్టమో పట్టించుకునేది 14 దాటాకే. అప్పటికే కొట్టేసినవాటి జోలికి తమంతట తాము మళ్లీ వెళ్లడం అరుదు. మీరు కొట్టేసింది పదకొండుకి. అంటే పెద్దయ్యాక ఆ పనిని మీరు ఒక్కసారి కూడా తూచి చూడలేదు.

ఇప్పుడు తూచండి. పైలట్ ఆట ఆడేటప్పుడు మీరేం చేసేవారు? మీటలు సరిచూస్తూ ఒక్కొక్కటే పైకి చదివేవారా, కొత్త ఊళ్ల పేర్లు ప్రకటించేవారా, టోపీ పెట్టుకుని నలుగురి ముందు నడిచేవారా? మొదటిదైతే ఆడిట్‌లో అది రోజూ దొరుకుతూనే ఉండొచ్చు. (అలాగని ప్రతి ఉద్యోగంలోనూ పాత కలను వెతికి సర్దిచెప్పుకోమనడం లేదు. ఆ రకం ఓదార్పు నాకు నచ్చదు.)

ఇక లెక్కలు. అవే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఆమోదిత కోర్సులో అయితే 150. అంతర్జాతీయ సర్వీసుల్లో, ఇద్దరు పైలట్లుండే విమానాలకు వయోపరిమితి 65. కాబట్టి దారి మూసుకుపోలేదు. కానీ మీకంటే చిన్నవాళ్ల కింద జూనియర్‌గా మొదలవ్వాలి, శిక్షణ ఖర్చు భారీగా ఉంటుంది. అప్పు చేసి ఫీజు కట్టేముందు క్లాస్ 1 మెడికల్ చేయించుకోండి. రంగులు గుర్తించే పరీక్ష కూడా అక్కడే తేలిపోతుంది. ప్రైవేటు లైసెన్సుకు 40 గంటలు చాలు, కాకపోతే దానితో డబ్బు సంపాదించకూడదు.

నన్నడిగితే మీకు సరిపోయేది ఆ ప్రైవేటు లైసెన్సే. ఇంత రాసి ఆడిట్ పని మీద ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు మీరు. ఎగరాలని ఉంది, ఉద్యోగం మారాలని కాదు.

అమ్మాయి మీ కల గురించి అడిగింది గానీ, తనకిమ్మని అడగలేదు. తను ఇప్పటికే ఏయే ఉద్యోగాలు ‘నాకు కావు’ అనుకుందో, ఎందుకో అడగండి. కారణం ఎవరో అన్న మాటే అయితే, ఆ పని చేస్తున్నవాళ్లతో ఒకసారి మాట్లాడించండి.