తంగేడునూ పాలపిట్టనూ పోల్చి రాయబోయే మనుమరాలికి

చిరంజీవి మనుమరాలికి, దేవరకొండ నుంచి తాతయ్య ఆశీస్సులు.

తంగేడు పువ్వునూ పాలపిట్టనూ పోలుస్తూ కళాశాలకు వ్యాసం ఎలా రాయాలని అడిగావు. 2014లో రెండింటినీ తెలంగాణ రాష్ట్ర చిహ్నాలుగా ప్రకటించిన సంగతిని ఒక్క వాక్యంలో ముగించు. అది అందరూ రాసేదే. రెండూ అందమైనవని అసలే రాయకు. తన రంగుతో ఏది ఏ పని చేయించుకుంటున్నదో చూడు.

బతుకమ్మకు పువ్వులు కోయడానికి గుట్ట పక్కకు వెళ్ళినప్పుడు, కోయకముందే ఒక పొద దగ్గర పావుగంట కూర్చో. ఐదు పసుపు రేకుల నడుమ కేసరాలు ఒకే పొడవున ఉండవు. పుప్పొడి వాటి కొసన ఉన్న సన్నని రంధ్రాల గుండానే బయటికి రావాలి. ఆ పువ్వులో తేనె ఉండదు. గండుతుమ్మెద వచ్చి కేసరాలను గట్టిగా పట్టుకొని ఒళ్ళంతా అదిరేలా ఝుమ్మంటే, ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. ఎగిరేటప్పటి మోతకూ ఈ మోతకూ ఉన్న తేడా నీ చెవికే తెలుస్తుంది. కదలలేని చెట్టు గనుక, తుమ్మెద కంటపడేలా తన పసుపును పొద్దంతా బయటే పెట్టుకొని నిలబడుతుంది.

పాలపిట్ట తీరు వేరు. కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపు గోధుమవన్నె ఎదతో, మట్టిరంగు వీపుతో పెద్దగా కంటికి ఆనదు. కింద గడ్డిలో మిడత కదలగానే దూకుతుంది. రెక్కల్లోని ముదురు, లేత నీలాల పట్టీలు అప్పుడే విచ్చుకుంటాయి. ఉత్తరాదివారు దాన్ని నీలకంఠమంటారు గానీ దాని గొంతు నీలం కాదు, తెల్లని గీతలున్న గోధుమవన్నె. పుస్తకం చూసి కాక పిట్టను చూసి రాశావని ఆ ఒక్క మాటే పట్టిస్తుంది.

తంగేడు పసుపు రేకులో ఉన్న వర్ణద్రవ్యానిది. పాలపిట్ట నీలానికి అలాంటి ద్రవ్యమే లేదు, ఈక లోపలి అతిసూక్ష్మమైన అల్లిక వెలుతురును చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది. రాలిన ఈక దొరికితే ఎండకు అడ్డంగా ఎత్తి పట్టు, నీలం పోయి మసక గోధుమరంగు మిగులుతుంది. చూశాక అక్కడే వదిలెయ్యి.

ఒక దసరాకు ఎవరో పంజరంలో పాలపిట్టను ఇంటి ముందుకు తెస్తే, డబ్బులిచ్చి దణ్ణం పెట్టుకున్నవాణ్ణి నేను. రెక్క విప్పలేని పిట్టలో నేను నీలాన్ని చూడనే లేదని తరువాత తోచింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలా పట్టి బంధించడం నేరం కూడా. కనుక పంజరంలోని పిట్టను చూసి మాత్రం రాయకు.

మన చేను గట్టున తల విరిగిన తాటిమోడు ఉంది. వేసవి మొదట్లో దాని తొర్రలో పిట్ట గూడు పెడుతుంది. సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తాను. అందాకా గూడు గురించిన పేజీని ఖాళీగా ఉంచు.

నీ తాతయ్య