రెండేళ్లు చదివాక 'ఇంటర్ మెమో ఏది?' అంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాడు. సైట్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ పూర్తి చేశాడు. అర్హత పరీక్ష రాయలేదు, డిప్లొమా చూసే సీటిచ్చారు. తర్వాత లాసెట్ కౌన్సెలింగ్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ సీటు వచ్చింది. నాలుగు సెమిస్టర్లూ పాసయ్యాడు. ఇప్పుడు ఐదో సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టించుకోవడం లేదు. ఇంటర్ మెమో ఇవ్వకపోతే అడ్మిషన్ రద్దు చేస్తామని యూనివర్సిటీ నోటీసు ఇచ్చింది. 'నా అర్హతకు బాధ్యత నాదే, రద్దు చేసినా అభ్యంతరం లేదు' అని రాసిమ్మని కాలేజీ వాళ్లు అంటున్నారు. రాసిస్తే సరిపోతుందా? కోర్టుకు వెళ్లాలా? ఈ టెన్షన్‌లో వాడు ఉద్యోగం కూడా మానేస్తానంటున్నాడు.
– ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. అది కాలేజీ తన మెడ మీది కత్తిని తీసి మీవాడి మెడ మీద పెట్టడమే. సర్టిఫికెట్లు చూసి చేర్చుకున్నది వాళ్లు, ఫీజు తీసుకున్నది వాళ్లు. రేపు మీరు ఏ కోర్టుకు వెళ్లినా అవతలి లాయరు ముందుగా బయటికి తీసేది ఆ కాగితమే.

ఇక నోటీసు. అందులో ఏ నిబంధన కింద అనర్హుడంటున్నారో రాశారా? చాలా నోటీసుల్లో 'నిబంధనల ప్రకారం' అని ఊరుకుంటారు. వాళ్ల మనసులో ఉన్నది బహుశా లా చదువుకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లోని 5వ నిబంధన. దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లు లా చదవడానికి అర్హులేనని అక్కడ స్పష్టంగానే ఉంది. అయితే ఆ చదువుకు కావలసిన కనీస అర్హత ఏదీ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు అర్హులు కారని కూడా ఉంది. మన దగ్గర 1982లో ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. ఇంటర్ లేనివాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అందులో ఏళ్ల తరబడి ఉంది. ఎంతోమంది చదువు ఆ దారి వల్లే మళ్లీ మొదలైంది. కానీ లా దగ్గరికి వచ్చేసరికి అదే అడ్డొస్తుంది.

మీవాడు ఆ దారిలో రాలేదు. మీ కేసుకు ఆయువుపట్టు ఇదే. మూడేళ్ల డిప్లొమా చూపించి నేరుగా డిగ్రీలో చేరాడు. కాబట్టి తేలాల్సింది 'ఇంటర్ ఉందా లేదా' అన్నది కాదు, 'డిప్లొమా ఆ డిగ్రీకి సరిపడే అర్హతా కాదా' అన్నది. యూనివర్సిటీ గుమస్తా చెక్‌లిస్టులో ఇంటర్ అనే గడి ఖాళీగా ఉంది కనుక నోటీసు వచ్చి ఉండొచ్చు. దానికి జవాబు కాగితాలతోనే ఇవ్వాలి. డిగ్రీలో చేరిన ఏడాది ప్రాస్పెక్టస్‌లో అర్హతల పేజీ, అక్కడి అడ్మిషన్ రికార్డు సంపాదించండి. డిప్లొమాను ఇంటర్‌తో సమానంగా గుర్తించిన ఉత్తర్వు ఏదైనా ఉందా అని సాంకేతిక విద్యా మండలిని, ఇంటర్ బోర్డును రాతపూర్వకంగా అడగండి. నోటి మాటలు వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. లా కాలేజీ దరఖాస్తులో మీవాడు ఇంటర్ అర్హత అడిగే గడిలో ఏం రాశాడు? 'డిప్లొమా' అని రాసి, ఆ మెమోలే ఇచ్చి ఉంటే సగం గెలిచినట్టే. తొందరలో 'ఇంటర్' అని టిక్ పెట్టేసి ఉంటే ఇబ్బందే. గుర్తు లేకపోతే ఊహించుకోకండి. పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ దరఖాస్తు పెట్టి, తన దరఖాస్తు, సర్టిఫికెట్ల పరిశీలన నోట్ కాపీలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. కానీ నోటీసు గడువు అంతదాకా ఆగదు కాబట్టి జవాబు ముందే పంపేయండి. ఏ నిబంధనో చెప్పమని, వ్యక్తిగతంగా విచారణకు అవకాశం ఇమ్మని, అది తేలేదాకా పరీక్ష రాయనివ్వమని అందులో కోరండి. ఒక ప్రతి స్పీడ్ పోస్టులో పంపండి. ఇంకొకటి ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి.

కోర్టు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. కురుక్షేత్ర యూనివర్సిటీ కేసులో 1975లో సుప్రీంకోర్టు, విద్యార్థి మోసం చేయనప్పుడు దరఖాస్తును పరీక్షకు ముందే సరిచూసుకోవాల్సిన బాధ్యత యూనివర్సిటీదేనని చెప్పింది. 1990లో బరంపురం యూనివర్సిటీ కేసులో మార్కుల జాబితా దగ్గరున్నా చేర్చుకుని, పరీక్షలు రాయించి, ఆ తర్వాత ఫలితాలు ఆపడం కుదరదంది. ఈ రెంటిలోనూ బాధితులు లా విద్యార్థులే. ఇవి చూపించి లాయర్లు ధైర్యం చెబుతారు. రెండో వైపు కూడా వినండి. 1986లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన, అనుమతి లేని ఒక మెడికల్ కాలేజీ కేసులో, విద్యార్థుల మీద జాలితో యూనివర్సిటీని దాని చట్టమే ఉల్లంఘించమని ఆదేశించలేమని అదే కోర్టు తేల్చేసింది. కాబట్టి 'రెండేళ్లు పోతాయి' అన్న వాదన ఒక్కటే పట్టుకుని వెళ్లొద్దు. ముందు అర్హత ఉందని వాదించాలి. ఒకవేళ లేదనుకున్నా తప్పు మాది కాదన్నది రెండో వాదనగానే ఉండాలి.

విచారణ లేకుండానే తిరస్కరించినా, పరీక్ష ఫీజు గడువు ముంచుకొస్తున్నా హైకోర్టులో రిట్ వేయండి. వాదన గట్టిగా ఉంటే, ఫలితం తుది తీర్పుకు లోబడి ఉంటుందన్న షరతుతో పరీక్ష రాయనిస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. విద్యార్థి యూనివర్సిటీకి వినియోగదారు కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

చాలామంది తల్లిదండ్రులు పట్టించుకోని విషయం ఇంకోటుంది. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, లాయరుగా నమోదు చేసేది రాష్ట్ర బార్ కౌన్సిల్. అక్కడ మళ్లీ పదో తరగతి నుంచి అన్ని సర్టిఫికెట్లూ అడుగుతారు. యూనివర్సిటీ మీద గెలిచి పట్టా తెచ్చుకున్నా, ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఇదే ప్రశ్న మళ్లీ రావచ్చు. అందుకే రిట్ వేస్తే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాను, రాష్ట్ర బార్ కౌన్సిల్‌ను కూడా ప్రతివాదులుగా చేర్చమని లాయరుకు గుర్తు చేయండి. వాళ్లు లేకుండా వచ్చిన తీర్పుతో సగం పనే అవుతుంది.

ఇప్పుడు హడావుడిగా ఇంటర్ పరీక్ష రాసేస్తే పోతుందని కొందరు చెబుతారు. డిగ్రీలో చేరేనాటికి ఏ అర్హత ఉందన్నదే ప్రశ్న కాబట్టి, తర్వాత తెచ్చిన మెమో దీన్ని చక్కదిద్దుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. ఇక 'మెమో మేం ఏర్పాటు చేస్తాం' అనేవాళ్లు ఫోన్ చేస్తే పెట్టేయండి. ఇప్పటిదాకా ఉన్నది అర్హత తగాదా, అది చేస్తే క్రిమినల్ కేసు.

ఉద్యోగం మాత్రం మానొద్దని చెప్పండి. కేసు ఎన్నాళ్లు సాగుతుందో ఎవరూ చెప్పలేరు, ఖర్చు ఎలాగూ ఉంటుంది. మీవాడి సివిల్ డిప్లొమాను ఎవరూ కాదనడం లేదు కదా.