మూతపడ్డ పాలరాతి క్వారీలో పది లక్షలు పెట్టమంటున్నారు, పెట్టవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మాచర్ల వైపు ఎప్పుడో మూతపడ్డ పాలరాతి క్వారీని మళ్ళీ తెరుస్తున్నారు. అమరావతి స్తూపానికి రాయి అక్కడి నుంచే వెళ్ళిందట. విజయవాడలో ఆఫీసు పెట్టి వాటాలు ఇస్తున్నారు. 10 లక్షలు పెడితే నెలకు 30 వేలు గ్యారంటీ అంటున్నారు. పెట్టవచ్చా?

నేనైతే పెట్టను. గుంటూరులో పాతికేళ్ళుగా మాకు బండల డిపో ఉంది. నాపరాయి, గ్రానైటు, మార్బుల్ అన్నీ అమ్ముతాం. ఇలాంటి చరిత్ర ఉన్న గనిలోనే 2015లో 6 లక్షలు పెట్టాను. మూడేళ్ళు తిరిగితే 1 లక్షా 70 వేలు వెనక్కి వచ్చాయి. మిగతాది ఇంకా వస్తుందని మా ఆవిడ దగ్గర అనడం కూడా మానేశాను.

ముందు మీ రాయి సంగతి చూద్దాం. అమరావతి శిల్పాలు పాలరాయి కావండీ. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవాటిని ‘అమరావతి మార్బుల్స్’ అంటారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు తరలించాడు కాబట్టి ‘ఇలియట్ మార్బుల్స్’ అని కూడా అన్నారు. ఆ పేరు పట్టుకుని మనవాళ్ళు పాలరాయి అనేశారు. నిజానికి అది లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి. అందుకే అంతకుముందు ఆ స్తూపం దిబ్బలోని రాళ్ళలో కొన్నిటిని కట్టడాలకు వాడుకుంటే, కొన్నిటిని కాల్చి సున్నం చేసుకున్నారు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది గానీ, ఆ రాయి సున్నానికి ఎంత పనికొస్తుందో పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు చూసినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సున్నపురాయే భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారిపోయి, కొత్తగా స్ఫటికాలు కడితే పాలరాయి అవుతుంది. రెండూ ఒకే ఇంటి పిల్లలే. అందుకే మీకు ఆఫీసులో యాసిడ్ చుక్క వేసి, నురగ చూపించి, ‘చూశారా, ఒరిజినల్ మార్బుల్’ అంటే నమ్మకండి. సున్నపురాయి మీద వేసినా అదే నురగ వస్తుంది. ఆ ముక్కను విరగ్గొట్టమనండి. పాలిష్ చేసిన వైపు కాదు, కొత్తగా విరిగిన వైపు ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పండి. పాలరాయైతే కలకండ పలుకు విరిచినట్టు సన్నగా తళుకులు కనిపిస్తాయి. సున్నపురాయి మట్టి పలక విరిచినట్టు మొద్దుగా ఉంటుంది. పాలిష్ పట్టే సున్నపురాయిని కూడా మా వ్యాపారంలో మార్బుల్ అనే అమ్ముతారు. నేనూ అమ్మాను, అబద్ధమెందుకు. కానీ అడుగు లెక్కన ఇంటికి బండలు కొనడం వేరు, ఆ పేరు మీద గనిలో 10 లక్షలు పెట్టడం వేరు.

ఇంకో తేడా కూడా ఉంది. మాచర్ల, దాచేపల్లి వైపు రాయి పొరలు పొరలుగా ఉంటుంది. చీలలు కొట్టి పలకలు లేపుతారు. మన ఇళ్ళలో పరిచే నాపరాళ్ళు ఇలా వచ్చేవే. దుర్గి శిల్పులు చెక్కేదీ అక్కడి మెత్తటి సున్నపురాయినే. అది మంచి రాయి, దానికి మంచి గిరాకీ ఉంది. కానీ మా డిపోలో దాని అడుగు ధర మంచి తెల్ల మార్బుల్ ధరలో మూడో వంతు కూడా ఉండదు. మీకిచ్చిన కాగితాల్లో పెద్ద పెద్ద బ్లాకులు, బ్లాకును ఒకేసారి పలకలుగా కోసే గ్యాంగ్‌సా మిషన్లు, అడుగుకింత అని లెక్కలు ఉంటే అవి వేరే రాయి లెక్కలు.

పోనీ, చరిత్ర నిజమే అనుకుందాం. అప్పుడు మీకు లాభం లేదు సరికదా, ఇంకో చిక్కు. రక్షిత కట్టడం ఏదైనా పక్కన ఉంటే, పురాతన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం దాని చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి లేనిదే ఏ పనీ చేయకూడదు. ‘రెండు వేల ఏళ్ళ క్వారీ’ అని వాళ్ళు గట్టిగా చెప్పుకునే కొద్దీ, తవ్వడానికి వీలు తగ్గుతుంది.

ఇక నా కథ. మార్బుల్ కొనడానికి మేం ఏటా రాజస్థాన్ కిషన్‌గఢ్ మార్కెట్‌కు వెళ్తాం. అక్కడ పరిచయమైన ఒకాయన, రెండు గంటల దూరంలో పాత గని ఉందని, రాజుల కోటకు రాయి అక్కడి నుంచే వెళ్ళిందని, ముప్పై ఏళ్ళుగా మూతపడి ఉందని చెప్పాడు. పక్కనే మక్రానా. తాజ్‌మహల్‌కు రాయి ఇచ్చిన ఊరు. ఇక మనసు ఆగుతుందా! మేం నలుగురం గుంటూరు వాళ్ళం, ముగ్గురు అక్కడి వాళ్ళు కలిసి భాగస్వామ్యం రాసుకున్నాం.

డబ్బు కట్టే ముందు చూసి వద్దామని మా డిపోలో రాయి కోసే మేస్త్రి బాబాయిని వెంట తీసుకెళ్ళాను. ఆయనకు హిందీ ఒక్క ముక్క రాదు. అక్కడి మేనేజరు సీసాలో నీళ్ళు తెచ్చి రాతి మీద చిలకరించాడు. తడిసిన రాయి పెళ్ళికూతురిలా మెరిసింది. మేం ఫొటోలు తీసుకుంటున్నాం. బాబాయ్ మాత్రం కదలకుండా అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ఎండకు రాయి ఆరుతోంది. పైనంతా తెల్లబడింది గానీ, వెంట్రుక మందాన నల్లటి గీతలు నాలుగైదు ఆరకుండా మిగిలిపోయాయి. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు అంత తొందరగా ఆరవు. తర్వాత చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టాడు. ఒకచోట ఖంగుమంది, మూడుచోట్ల డొల్లగా పలికింది.

‘‘రాయి మంచిదే అబ్బాయ్. వెనకటివాళ్ళు మందుగుండు పెట్టి పేల్చి దీన్ని లోపల్లోపలే చంపేశారు’’ అన్నాడు.

‘‘పైన అలాగే ఉంటుంది బాబాయ్, లోపలికి వెళ్ళే కొద్దీ గట్టి రాయి వస్తుందంట’’ అన్నాను. ఆ మాట ఎవరు చెప్పారంటే? వాటా అమ్మే ఆయనే.

గుంతలో అరవై అడుగుల నీళ్ళు. మోటార్లు పెట్టి రెండు నెలలు తోడారు. డీజిలు ఖర్చు మా అంచనాలో లేనే లేదు. తర్వాత హిటాచీ దింపి వెనకటివాళ్ళు పోసిన వేస్టు గుట్టలు జరిపారు. డైమండ్ వైరుతో కోత మొదలయ్యేసరికి మొదటి ఏడాది గడిచిపోయింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. నాలుగు నెలల్లో దాదాపు 900 క్యూబిక్ మీటర్లు కోస్తే, అమ్ముడుపోయే బ్లాకులు 70 క్యూబిక్ మీటర్లు తేలాయి. నూటికి ఎనిమిది. మాకు చూపించిన కాగితంలో నూటికి నలభై అని ఉంది.

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడండి, మీ కాగితంలో కూడా ఇదే ఉంటుంది. ఒక క్యూబిక్ మీటరు రాయి సుమారు 2.7 టన్నులు. 20 మిల్లీమీటర్ల పలకలుగా కోస్తే, రంపం తినేసేది 6 మిల్లీమీటర్లు తీసేసినా, 38 పలకలు, అంటే 400 చదరపు అడుగుల పైచిలుకు. దాన్ని అడుగు ధరతో గుణిస్తే కళ్ళు తిరిగే అంకె వస్తుంది. గుణకారంలో తప్పేమీ ఉండదు. గనిలోంచి ఎన్ని క్యూబిక్ మీటర్ల బ్లాకు బయటికొస్తుందన్న మొదటి అంకెలోనే ఉంటుంది మోసమంతా. దాన్నే రికవరీ అంటారు. మీరు అడగాల్సింది ధర కాదు, రికవరీ ఎంత, ఎవరు లెక్కగట్టారు, ఎన్ని బోర్లు వేసి కోర్ (లోపలి రాతి కడ్డీ) తీసి చూశారు అని. మావాళ్ళు ఒక్క బోరూ వేయలేదు. మేమూ అడగలేదు. పొలంలో నీటి కోసం బోరు వేయడానికి ముగ్గురిని పిలిచి కొబ్బరికాయ తిప్పించేవాళ్ళం, 42 లక్షల గనికి ఒక్క బోరు అడగలేదు!

పగులున్న బ్లాకు గని దాటినా ఫ్యాక్టరీలో పగులుతుంది. వెనక నెట్ అంటించి, ఎపాక్సీ జిగురు పోసి నిలబెట్టవచ్చు గానీ, ఆ ఖర్చు తీసేస్తే మిగిలేదేమీ లేదు. పైగా గుజరాత్‌లోని మోర్బీ నుంచి నాలుగడుగుల విట్రిఫైడ్ టైల్స్ దిగాక, మా దగ్గరికి వచ్చేవాళ్ళు మార్బుల్ పూజ గదికి, మెట్లకు మాత్రమే అడుగుతున్నారు.

అయినా నన్ను ముంచింది రాయి కాదు, కాగితాలు. లీజు పాత లీజుదారు పేరు మీదే ఉంది. మాకు రాసిచ్చింది స్టాంపు పేపరు మీద ఒప్పందం. గనుల శాఖ అనుమతి లేకుండా లీజు చేతులు మారడానికి వీల్లేదు. కాబట్టి గనిలో మాకు గుప్పెడు మట్టి మీద కూడా హక్కు లేదు. పాతాయన ఎగ్గొట్టిన బకాయిల నోటీసు మాత్రం గని మీదికి వచ్చింది, పర్మిట్లు ఆగిపోయాయి. కోర్టుకు వెళ్దామని గుంటూరులో వకీలు దగ్గరికి వెళ్తే, ‘ఫర్మ్ రిజిస్టర్ చేశారా?’ అని అడిగాడు. చేయలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్‌లో భాగస్వామి ఒప్పందంలోని హక్కుల కోసం మిగతావాళ్ళ మీద దావా వేయలేడు. అదే చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ చేసిన అప్పులకు ప్రతి భాగస్వామీ బాధ్యుడే. అంటే అడగడానికి హక్కు లేదు, కట్టడానికి బాధ్యత ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయిన డబ్బు కంటే, ఇంకెంత మీద పడుతుందోనన్న టెన్షన్ ఎక్కువైంది. మీ 10 లక్షలు పోతే పోయాయిలే అనుకునే వీలు కూడా ఉండదని ఇందుకే చెబుతున్నాను.

మీ క్వారీకి ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 5 హెక్టార్ల లోపు చిన్న క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది. మీది అంతకుముందే మూతపడితే ఆ కాగితం ఉండే అవకాశం తక్కువ, కొత్తగా తెచ్చుకోవాలి. రెండోది, ‘లీజు వచ్చేస్తుంది, పైన మా మనిషి ఉన్నాడు’ అనే మాట. 2022లో మన రాష్ట్రంలో చిన్న ఖనిజాలకు ఈ-వేలం పెట్టారు. సిమెంటుకు వాడే సున్నపురాయికైతే గనుల చట్టానికి 2015లో వచ్చిన సవరణ నుంచీ వేలమే. వచ్చేస్తుంది అనే లీజుకు కాదు, చేతిలో ఉన్న లీజుకే విలువ.

ఇప్పుడు ఆ 30 వేల సంగతి. 10 లక్షలకు నెలకు 30 వేలంటే నూటికి మూడు రూపాయల వడ్డీ. గుంటూరులో కాస్త పేరున్న వ్యాపారికి రెండు రూపాయలకు ఎవరైనా అప్పిస్తారు. నిజంగా లీజు, రాయి, మిషన్లు ఉన్నవాడు ముక్కూ మొహం తెలియని మీకు మూడు రూపాయలు ఎందుకిస్తాడు? పైగా గనిలో వర్షాకాలం ఉంటుంది, మిషను రిపేర్లు ఉంటాయి, మూడు నెలల పాటు ఒక్క బ్లాకూ బయటికి రాని రోజులుంటాయి. వాటా అన్నాక లాభం వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నెల నెలా ఇంత అని గ్యారంటీ రాసిస్తే అది వాటా కాదు, డిపాజిట్టు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడాన్ని 2019లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ‘మా బావమరిదికి ఆరు నెలలుగా టంచనుగా పడుతున్నాయి’ అని మీరు రాశారు. ఆయన కట్టిన 10 లక్షల్లోంచే ఆయనకు 33 నెలలు 30 వేల చొప్పున ఇవ్వవచ్చు, ఒక్క రాయి తీయకుండా.

ఇంత చెప్పినా మనసు లాగుతుంటే, లీజు డీడు కాపీ, సర్వే నంబరు అడగండి. ఆ నంబరు ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో కొట్టి చూస్తే అసైన్డ్ భూమా, ప్రభుత్వ భూమా కొంతవరకు తెలిసిపోతుంది. లీజు ఎవరి పేరున ఉంది, ఎప్పటివరకు ఉంది, బకాయిలు ఎంత అని గనుల శాఖ జిల్లా ఆఫీసుకు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి, పది రూపాయల పని. ఆ ఊరికి వెళ్ళి, ఆఫీసువాళ్ళు చూపించే మనుషులను కాదు, టీ బంకు దగ్గర కూర్చున్న ముసలాయనను అడగండి, ఆ క్వారీ ఎందుకు మూతపడిందని. మా గని ఎందుకు మూతపడిందో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, మేం అడిగే సరికి రెండేళ్ళు ఆలస్యమైంది.

రాయి ముక్క దొరికితే ఆదివారం పొద్దున మా డిపోకి తీసుకురండి, బాబాయ్‌కి వయసు మీద పడినా ఆ పూట వస్తాడు, విరగ్గొట్టి చూద్దాం. లీజు కాపీ ఇచ్చేది లేదని వాళ్ళంటే మాత్రం రాయి మోసుకు రావడం కూడా దండగ.