చాప మీద పడుకోనంటున్న పాప

ప్రశ్న: అమ్మా, నేను అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటర్‌కి వచ్చే నాలుగేళ్ల పాప నెలరోజులుగా అన్నం తిన్నాక చాప మీద పడుకోనంటోంది. కునుకు పడితే ఉలిక్కిపడి లేస్తోంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. బంధువు ఒకాయన తీసుకెళ్లడానికి వస్తే నా కొంగు వదలదు. ఎవరికైనా చెబితే ఊళ్లో గొడవవుతుందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చూడమ్మా, పక్క తడపడం ఒక్కటే అయితే జ్వరమో, ఇంట్లో చంటిబిడ్డ పుట్టడమో కారణం కావచ్చు. కానీ మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే పాపని ఎవరైనా లైంగికంగా వేధిస్తున్నారేమోనన్న అనుమానం వస్తుంది, ఇక ఆగకూడదు. నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు మాకిచ్చిన ట్రైనింగంతా బరువులు, గుడ్ల లెక్క, రిజిస్టర్లే. భయపడిన పిల్లని గుర్తుపట్టడం ఎవరూ నేర్పలేదు. అందుకే భయపడిన ఒక బాబుని ఏం జరిగిందని నలుగురం నాలుగుసార్లు అడిగాం. నాలుగోసారికి వాడు గోడవైపు తిరిగి "ఏం లేదు" అన్నాడు. మీరా తప్పు చేయొద్దు. పాప తనంతట తాను చెబితే వినండి, ఆ మాటలే తేదీతో సహా రాసుకోండి.

ఇవాళే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. సాయంత్రం పాపని ఎవరితో పంపాలో కూడా వాళ్లనే అడగండి. ఆ బంధువుని నిలదీయొద్దు. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగొచ్చని భయమున్నా పోలీసులకు చెప్పాలని పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ అంటోంది. రుజువులు వెతకడం మీ పని కాదు. మంచి ఉద్దేశంతో చెప్పినందుకు మీమీద కేసు రాదు. తెలిసీ దాస్తే మాత్రం ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. పాప పేరు తోటి ఆయాలతో కూడా అనకండి.