టెక్ సందేహాలు: పెల్లెట్ స్టవ్‌లో ప్రెజర్ స్విచ్ వైర్లు కలిపేస్తే

"మా పెల్లెట్ స్టవ్ (చెక్కపొట్టు గుళికలతో మండి గదిని వేడిచేసేది) తొమ్మిదేళ్ల నాటిది. అంటుకున్న పది నిమిషాలకే ఎర్రర్ చూపించి ఆగిపోయేది. మెకానిక్ ప్రెజర్ స్విచ్‌కి వెళ్లే రెండు వైర్లూ కలిపేశాడు. ఇప్పుడు ఆగట్లేదు గానీ అద్దం గంటలోనే నల్లబడుతోంది. ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేయడానికి స్మార్ట్ ప్లగ్ పెట్టుకోవచ్చా?"
– సెమిలిగుడ, కొరాపుట్ జిల్లా

ముందు ఆ వైర్లు విడదీసి స్విచ్‌కి మళ్లీ తగిలించండి. అప్పటిదాకా స్టవ్ వెలిగించకండి. సునాబెడ, పొట్టంగి వైపు నుంచి కూడా చలికాలం రాగానే ఇదే ఫిర్యాదు వస్తోంది, ఇదే 'రిపేరు' జరుగుతోంది. పొగను బయటికి లాగే ఫ్యాన్ సరిగా లాగుతోందా లేదా అని చూడటమే ఆ స్విచ్ పని. లాగకపోతే పెల్లెట్లు వేసే స్క్రూను ఆపేస్తుంది. మీ స్టవ్ ఆగిందంటే చాలావరకు స్విచ్ మంచిదే, పొగ దారి మూసుకుపోయింది. నల్లబడ్డ అద్దం చెబుతున్నదీ అదే.

అద్దం మీద మసి కంటికి కనిపిస్తుంది. గాలి చాలక దాంతోపాటే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ కనిపించదు, వాసనా రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తే పైత్యం అనుకుని పడుకుంటారు. కిటికీలు బిగించిన ఇంట్లో ఆ నిద్రే ప్రాణం తీస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గిందంటే స్టవ్‌నే అనుమానించండి. పడకగది దగ్గర ఈఎన్ 50291 (ఈ అలారాల యూరోపియన్ ప్రమాణం) ముద్ర ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. 300 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 300 వంతులు) దగ్గర అది మూడు నిమిషాల్లోపు మోగాలి. మామూలు పొగ అలారం ఈ వాయువును పట్టలేదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక రాసిన గడువు తేదీ దాటితే మార్చేయండి, సెన్సర్ అరిగిపోతుంది.

ఇక అసలు రిపేరు. స్టవ్ పూర్తిగా చల్లారాక ప్లగ్ పీకి మొదలుపెట్టండి. ప్రెజర్ స్విచ్ నుంచి వెళ్లే సన్నని సిలికాన్ గొట్టాన్ని ఊడదీసి, స్టవ్ వైపు రంధ్రంలో సన్నని తీగ ఆడించండి. చాలాసార్లు బూడిద అక్కడే గట్టిపడి ఉంటుంది. గొట్టం స్విచ్‌కి ఉండగా నోటితో ఊదకండి, లోపలి పొర చిరిగిపోతుంది. తర్వాత పొగ ఫ్యాన్ విప్పి రెక్కల మధ్య బూడిదను బ్రష్‌తో దులపండి. తిరిగి బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ (సందులోంచి పొగ కారకుండా పెట్టే పట్టీ) వాడొద్దు. పొగగొట్టం కింద 'T' ఆకారపు అతుకుకు ఉన్న మూత తీసి బూడిద ఖాళీ చేయండి. బయటి కొసన కందిరీగల గూడు ఉందేమో చూడండి, వానాకాలమంతా వాడకుండా ఉంచినవాటిలో ఇది మామూలే. బర్న్ పాట్ (పెల్లెట్లు మండే గిన్నె) రంధ్రాలను డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి శుభ్రం చేయండి. బూడిదకి ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్ వాడితే, దాగిన నిప్పుకణం చాలు సంచీ అంటుకోవడానికి.

తలుపులో పదిరూపాయల నోటు పెట్టి మూయండి. లాగితే జారి వచ్చేస్తే తాడు గ్యాస్కెట్ పోయినట్టే. విశాఖలో బాయిలర్ సామాన్ల దుకాణాల్లో ఫైబర్‌గ్లాస్ తాడు అడగండి. పాతదెంత మందమో అంతే కొనండి. చవకగా ఉందని ఆస్బెస్టాస్ తాడు తేవద్దు, దాని నూగు ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది.

స్మార్ట్ ప్లగ్ వద్దే వద్దు. ఆఫ్ నొక్కాక స్టవ్ వెంటనే ఆగదు. నిప్పు చల్లారేదాకా ఫ్యాన్ తిరగాలి. ప్లగ్ కరెంటు కోసేస్తే ఫ్యాన్ ఆగి, మిగిలిన పెల్లెట్ల పొగ గదిలోకే వస్తుంది. కరెంటు పోయినా ఇంతే. కాబట్టి ప్యూర్ సైన్‌వేవ్ (లైన్ కరెంటులాగే నున్నని అల ఇచ్చే) ఇన్వర్టర్ ఉండాలి. స్క్వేర్‌వేవ్ మీద ఫ్యాన్ మోటార్ గుయ్‌మంటూ వేడెక్కుతుంది. ఇగ్నైటర్ (పెల్లెట్లను అంటించే హీటర్) వెలిగినప్పుడు 300 వాట్లకు పైగా లాగుతుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

తయారీదారుల తీరు మీదా నాకు కోపమే. చాలా మోడళ్లలో గొట్టం మూసుకున్నా, తలుపు వదులైనా ఒకే ఎర్రర్ కోడ్. సర్వీస్ మెనూకి పాస్‌వర్డ్ తాళం. ఏది చెడిందో చెప్పని యంత్రాన్ని చేతికిచ్చాక మెకానిక్ వైర్లు కలపక ఏం చేస్తాడు? అదే కంపెనీలు కొత్త మోడళ్లలో ఫోన్ యాప్‌తో దూరం నుంచే వెలిగించే సదుపాయం ఇస్తున్నాయి. ఎవరూ లేని ఇంట్లో నిప్పు రాజేయడం సదుపాయమా? యాప్‌లో ఆపే బటన్ ఉండనివ్వండి. వెలిగించేది మాత్రం స్టవ్ మీదే ఉండాలి. మీ స్టవ్‌కి ఇప్పటికే వైఫై ఉంటే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి.

"వానలకి పెల్లెట్లు ఉబ్బి స్క్రూ ఇరుక్కుంది. మోటార్ మార్చాలా?"
– రాయగడ

అక్కర్లేదు. ప్లగ్ పీకి, తొట్టి ఖాళీ చేసి, గడ్డకట్టిన పొట్టును చెక్కపుల్లతో పొడిచి తీయండి. నీళ్లు పోయకండి, ఇంకా ఉబ్బుతుంది. ఏటా వాడకం ఆపే ముందు తొట్టిని, స్క్రూని ఖాళీ చేసి ఉంచండి. తేమ 10 శాతం దాటిన పెల్లెట్లు కొనొద్దు. విరిస్తే టప్పున విరగాలి, నలిగి పొడి కాకూడదు. ఊకతో చేసినవైతే బూడిద చాలా ఎక్కువ, బర్న్ పాట్ రోజూ దులపాల్సిందే.